ఆ సంఘం వెబ్‌సైట్ నిజమైనదే

మా అత్తయ్య రిటైరైన టీచరు. మారేడ్‌పల్లిలో వాళ్ల చర్చి స్త్రీల సమాజంలో ఆమె మాటకు ఎదురుండేది కాదు. ఎవరినీ గట్టిగా తిట్టదు. తప్పు చేసిన పిల్లను క్లాసులో లేపి నిలబెట్టినట్టు, నలుగురి ముందు మెత్తగా ఒక మాట అని ఊరుకుంటుంది. నాకు మొదటిసారి గర్భం పోయి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజు, పరామర్శకు వచ్చిన వాళ్లతో ఆమె అన్న మాట పక్కగదిలో పడుకున్న నాకు వినబడింది. "పిల్లకు బలం లేదు. అంత మంచిగ చూసే చేస్కున్నం, ఏం జేస్తం."

రెండోసారి కూడా పోయింది. ఆ సంగతి కాకినాడలో ఉన్న మా అమ్మకు చెప్పలేదు. అప్పటికే నాన్నకు పక్షవాతం వచ్చి ఆరు నెలలు కాలేదు. మంచం మీద మనిషిని ఒక్కతే లేపి కూర్చోబెడుతూ, స్నానం చేయిస్తూ అమ్మ సగమైపోయింది. ఆమె కాస్త కుదుటపడ్డాక నేనే చెప్పుకుంటానని, అంతవరకూ ఎవరితోనూ అనవద్దని అత్తయ్యనీ, మా ఆయననీ బతిమాలుకున్నాను. ఇద్దరూ సరేనన్నారు.

ఆ రోజుల్లోనే స్త్రీల సమాజంలో ఒకావిడ మోసపోయింది. ఫోనులో ఏదో సంఘం వెబ్‌సైట్ చూసి కానుక పంపితే, తీరా అలాంటి సంఘమే లేదని తేలింది. అక్కడి ఫొటోలో ఉన్న చర్చి ఏ దేశానిదో. దాంతో అందరికీ భయం పట్టుకుంది. ఒక సాయంత్రం అత్తయ్య తన ఫోను తెచ్చి నా చేతికిచ్చింది. బోయిన్‌పల్లిలో ఒక సంఘం ఉందట, పిల్లలు లేని వాళ్ల కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేస్తారట.

"నువ్వు చేసేది కంప్యూటర్ పనే గద. ఇది అసలుదో నకిలీదో జెర చూసి చెప్పు," అంది.

నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఎక్కడ తప్పుందో వెతకడమే నా పని. పెళ్లయ్యాక ఆమె నన్ను ఒక సహాయం అడగడం అదే మొదలు. అందుకని శ్రద్ధగా చూశాను. వెబ్‌సైట్ నిన్నా మొన్నా పెట్టింది కాదు. ఫొటోలు ఇంకెక్కడి నుంచైనా ఎత్తుకొచ్చారేమోనని వెతికితే, ఎక్కడా కనబడలేదు. పాస్టర్ పేరు, పెద్దల పేర్లు, ఆరాధన వేళలు, విశ్వాస ప్రకటన అన్నీ వివరంగా ఉన్నాయి. ముందే చెయ్యి చాచి కానుకలు అడగలేదు. అక్కడున్న నంబరుకు ఫోన్ చేస్తే ఒకావిడ ఎత్తి, "వందనాలమ్మా, ఆదివారం రండి," అంది. అయినా నమ్మకం చాలక, ఆదివారం నేనే వెళ్లాను. కూరగాయల మార్కెట్ వెనక సందులో, రేకుల షెడ్డు కింద, ఫొటోలో ఉన్న అవే నీలం కర్టెన్లు, అదే పాస్టర్. జనం నిండుగా ఉన్నారు. ఒక ముసలావిడ జరిగి తన చాప మీద నాకు చోటిచ్చింది.

ఇంటికి వచ్చి, "నిజమైనదే అత్తయ్యా, నమ్మొచ్చు," అన్నాను.

కొన్నాళ్లకు ఆఫీసులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. పనివేళ ఎప్పుడూ చేయదు. నాన్నకేమైందోనని వరండాలోకి పరుగెత్తాను.

"రెండోసారి కూడా పోయిందంట కదే," అంది. "నాకెందుకు చెప్పలేదే?"

ఎవరు చెప్పారని అడిగాను.

"మన చర్చి వాళ్లావిడ ఫోనులో చూపించింది. నీ పేరు, ఊరు, అన్నీ ఉన్నాయి. ఎవరో చదివి చెప్తే తెలుసుకోవాలా నేను, కన్నతల్లిని?" అమ్మ ఏడవలేదు. నాన్న లోపల్నుంచి పిలుస్తుంటే, "వస్తన్నా," అని ఫోన్ పెట్టేసింది.

లింకు తెరిచాను. నేను అంత శ్రద్ధగా చూసిన వెబ్‌సైటే. ప్రార్థన మనవులు అనే పేజీలో నా పూర్తి పేరు, మా అమ్మగారి ఊరు, నేను చేసే ఉద్యోగం ఉన్నాయి. రెండుసార్లు ఎన్నో నెలలో పోయిందో, డాక్టర్ ఏమందో కూడా ఉంది. ఆ కింద ఒక వాక్యం: 'పెండ్లికి ముందు తెలిసీ తెలియక చేసిన పాపములు ఏవైన ఉంటే ప్రభువు క్షమించి ఈమె గర్భమును తెరువవలెనని అత్తగారి మనవి.' దాని కింద ముక్కూ మొహం తెలియని వాళ్లందరూ ఆమేన్, ఆమేన్ అని రాశారు.

ఇంటికి వెళ్లేసరికి అత్తయ్య వంటింట్లో కొత్తిమీర తుంచుతోంది. ఫోను చూపించి, ఎందుకిలా చేశారని అడిగాను.

"అబద్ధం రాసిన్నా? అయినదే రాసిన," అంది తలెత్తకుండా.

"నేనేం పాపం చేశానని రాశారు?"

"చేసినవని రాయలే. ఉంటే అని రాసిన. లేకుంటే నీకు తక్లీఫ్ ఏందీ?"

మా ఆయన వచ్చాక ఆయనకు చూపించాను. మొత్తం చదివి ఫోను బల్ల మీద పెట్టాడు. "అమ్మ నీ మంచికే రాసింది. నువ్వే గద ఆ సైట్ మంచిది, నమ్మొచ్చు అన్నవ్," అని, టవలు తీసుకుని స్నానానికి వెళ్లాడు.

మర్నాడు సెలవు పెట్టి బోయిన్‌పల్లి వెళ్లాను. పాస్టర్ మర్యాదగా కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. నా పేరు తీసేయమన్నాను.

"పేరు తీస్తే ఎవరి కోసమని ప్రార్థిస్తరమ్మా?" అన్నాడు. ఆ మనిషి మాటలో కపటం లేదు. నిజంగానే నాకు మేలు చేస్తున్నాననుకుంటున్నాడు. పంపినవాళ్లు చెప్పందే తీయడం తమ పద్ధతి కాదని చెప్పి, నా ఎదుటే అత్తయ్యకు ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు.

"మీ కోడలమ్మ వచ్చింది. మనవి తీసెయ్యమంటుంది."

"ఉండనియ్యుండ్రి అయ్యగారు," అంది అత్తయ్య తన క్లాసురూమ్ గొంతుతో. "దానికి సిగ్గెక్కువ. గా సిగ్గు సుత పోవాలని ప్రార్థన చెయ్యుండ్రి."

అతను నా వైపు చూసి నవ్వాడు. "పెద్దామె కదమ్మా, ప్రేమతో రాసింది," అన్నాడు. తాగని టీ అక్కడే వదిలి వచ్చేశాను.

ఆ పేజీ అలాగే ఉండిపోయింది. ఆఫీసులో ఎవరైనా నాతో కాస్త దయగా మాట్లాడితే, ఇది చదివే మాట్లాడుతున్నారేమో అనిపించేది. అమ్మ మాత్రం ఆ తర్వాత దాని ఊసెత్తలేదు. ఫోన్ చేస్తే నాన్న సంగతులు చెప్పి, "ఇంకేంటి?" అని ఆగేది. ఆ ఆగడంలో, ఇంకా ఏమైనా దాస్తున్నావా అన్న ప్రశ్న నాకు వినబడేది.

మూడోసారి నిలిచినప్పుడు ముందు అమ్మకే చెప్పాను. అత్తయ్యకు, పొట్ట కనబడి ఆమే అడిగేదాకా చెప్పలేదు. పాప పుట్టింది. ఆసుపత్రిలో నేను మత్తులో ఉండగా అత్తయ్య ఫొటో తీసిందని తర్వాత తెలిసింది. అదే వెబ్‌సైట్‌లో, ప్రార్థన ఫలించిన వాళ్లు చెప్పుకునే సాక్ష్యాల పేజీలో, బొడ్డు క్లిప్పుతో, కళ్లు తెరవని నా కూతురు. 'అత్తగారి కన్నీటి ప్రార్థనకు జవాబు' అని పైన శీర్షిక. జనం పోల్చి చూసుకోవడానికి వీలుగా పాత మనవిని కూడా కింద మళ్లీ వేశారు.

ఈసారి తీయించమని మా ఆయననే అడిగాను. "సంతోషమైన ముచ్చటే గద," అన్నాడు.

బాలింతనని చూడకుండా పాపను తీసుకుని మెట్టుగూడలో ఒక అద్దె ఇంట్లో దిగాను. అమ్మ నాన్నను వదిలి రాలేదు. నేనే అన్నీ చేసుకున్నాను. కొన్నాళ్లకు మా ఆయన సూట్‌కేసుతో వచ్చి, ఒక మూలన పక్క వేసుకున్నాడు. కొడుకును తల్లి నుంచి విడదీసిందని అత్తయ్య స్త్రీల సమాజంలో చెప్పిందట. దాని మీద కూడా ప్రార్థన చేశారట.

పాప మొదటి పుట్టినరోజుకు అత్తయ్య వచ్చింది. మోకాళ్ల నొప్పితో రెండంతస్తులు ఎక్కి, గుమ్మంలో ఆయాసపడుతూ నిలబడింది. ఒక చేతిలో తను కుట్టిన గౌను, ఇంకో చేతిలో ఫోను. పాప ఆమెను చూసి నవ్వింది.

"ఆ ఫోను మీ అబ్బాయికిచ్చి లోపలికి రండి," అన్నాను.

"ఏందీ, నేను దొంగనా?"

"ఇచ్చి రండి అత్తయ్యా."

ఆమె కొడుకు వైపు చూసింది. అతను ఎప్పటిలాగే నేల చూశాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి నిజమైన కన్నీళ్లే. నేను పక్కకు జరగలేదు. గౌను గడప మీద పెట్టి, రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగిపోయింది. మా ఆయన చెప్పులు వేసుకుని ఆమె వెనకాలే వెళ్లాడు. నేను గౌను తీసి లోపల పెట్టి, పాపకు పప్పన్నం కలిపాను.