చెరువూ కాదు, తోటా కాదు

టేపక్క అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. ఇరవై రెండేళ్లు సర్వేలో టేపు పట్టుకుని ఊరంతా కొలిచిన మనిషి. మోకాళ్లు మొరాయించాక కుర్చీలోకి వచ్చింది. ఉపగ్రహం తీసిన ఫోటోలు చూసి ఏఐ మ్యాపు గీస్తుంది. అది ఇల్లన్నది ఇల్లేనా, రోడ్డన్నది రోడ్డేనా అని సరిచూసి టేపక్క సంతకం పెట్టాలి. ఆ మ్యాపులో ఇల్లుంటేనే మంచినీళ్ల పైపు వేస్తారు.

ఆ రోజు ఏఐ ఒక వీధి వీధినే పట్టుకుని తోట అంది.

టేపక్కకి ఒళ్లు మండిపోయింది. అది బట్టలకి రంగులద్దేవాళ్ల వీధి, తను స్వయంగా కొలిచిన వీధి. అక్కడ నేల మీద జాగా ఉండదు కాబట్టి తడి బట్టని ఒక కప్పు మీంచి ఇంకో కప్పు మీదికి పరిచి ఆరేస్తారు. ఏదో స్కూలు యూనిఫాం ఆర్డరు వచ్చినట్టుంది, పైనుంచి చూస్తే అంతా పచ్చదనమే. పాత ఫోటోలు తిరగేసింది. ఆర్నెల్ల కిందట అదే చోట నీలం బట్ట ఉంటే, చెరువని రాసింది మహాతల్లి! అప్పుడీ సీట్లో ఉన్నవాళ్లెవరో కళ్లు మూసుకుని సంతకం పెట్టేశారు కూడా.

"ఆహా, ఏం తెలివే నీది!" అని స్క్రీనుకేసి పైకే అనేసి, అన్నం డబ్బా మూతైనా తియ్యకుండా బస్సెక్కింది.

వీధి మొదట్లో రంగు తొట్టి దగ్గర ఒక ముసలమ్మ ఉంది. మోచేతులదాకా పచ్చరంగే.

"పెద్దమ్మా, పైనుంచి తీసిన ఫోటోలో ఈ పచ్చబట్టలు చూసి మెషీన్ మీ వీధిని తోటంది. ఒక్కరోజు బట్టలు ఆరెయ్యకండి. ఈసారి ఫోటోలో మీ ఇళ్లు కనబడతాయి."

"దాని కంటికి ఆనడం కోసం మేం పని మానుకోవాలా? అది చూడలేకపోతే మా తప్పా? నువ్వు చూశావుగా, నువ్వు రాయి!"

టేపక్కకి సిగ్గేసింది. తప్పు మెషీన్ చేస్తే, సర్దుకోమని వీళ్లని అడిగింది తను. మోకాళ్లని తిట్టుకుంటూనే గుమ్మం గుమ్మం ఎక్కింది. నలభై మూడు ఇళ్లు.

తిరిగొచ్చేసరికి మేనేజరు కాచుకుని ఉన్నాడు. ఎక్కడికెళ్లిందో, ఎందుకెళ్లిందో చెప్పింది.

"మేడమ్, అది నూటికి తొంభై ఏడు కరెక్టుగా చెప్తుంది. ఐదింటికల్లా మున్సిపాలిటీకి పంపాలి, ఓకే కొట్టెయ్యండి. ఆ వీధివాళ్లు ట్యాంకరుకి ఎప్పుడో అలవాటుపడిపోయారు."

"తోటలో ట్యాంకరు దగ్గర బిందెలు పట్టుకుని నిలబడేదెవరు సార్?"

ఆయన మొహం కందగడ్డయింది. "మీరు కాకపోతే ఇంకొకరు పెడతారు సంతకం."

"పెట్టించుకోండి. ఆ తోట కింద నా సంతకం పడదు."

ఇంకొకరికి సంతకం పెట్టే పాస్‌వర్డు రావాలంటే రెండ్రోజులు పడుతుందని ఇద్దరికీ తెలుసు. టేపక్క తన సీట్లో కూర్చుని తోటని చెరిపేసింది. ఒక్కో ఇల్లూ గీసుకుంటూ పోయింది. ఐదుకి పది నిమిషాలుందనగా నలభై మూడోది పూర్తయింది. కింద ఖాళీ గడిలో "కాళ్లతో తిరిగి చూశాను" అని రాసి, సంతకం పెట్టి, ఆయనకి పంపింది. తర్వాత లేచి ఆయన గదిలోకి వెళ్లింది.

"ఇది మెషీన్ ఇచ్చిన మ్యాపు కాదు కదా!" అన్నాడాయన.

"కాదు. సంతకం ఉన్న మ్యాపు మాత్రం ఇదొక్కటే."

ఆయన గడియారంకేసి చూశాడు. టేపక్క కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఆయన దాన్ని మున్సిపాలిటీకి పంపేదాకా లేవలేదు.