మేనమామ తెచ్చిన కార్డు

మొన్న పొద్దున చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతుంటే పక్కింటి కోడలు వచ్చి గడపలో కూర్చుంది. వాళ్ళాయన పెద్ద కంప్యూటర్ ఒకటి కొనాలనుకుంటున్నాడట. మా బిడ్డ బజారుకు పోయింది గనక నన్నే అడిగింది: "అత్తా, కంప్యూటర్ కొనేటప్పుడు ఏమేం సూడాలె?" నా చేతిలో తునికాకు చేతిలోనే ఆగిపోయింది. యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని నేను. వేలిముద్ర మాని పేరు రాయడమే నాకు పెద్ద చదువు. అలాంటి నన్ను కంప్యూటర్ గురించి అడిగే రోజు వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. అయినా అడిగినప్పుడు తెలిసింది చెప్పాలి కదా. "ఏం సూడకున్నా నడుస్తది గని, మేనమామను మాత్రం ఎంబడి తీస్కపోకుండ్రి" అన్నాను. ఆమె పడీపడీ నవ్వింది. నేను నవ్వలేదు.

మా బిడ్డ కోరుట్లలో, మా ఇంటి ముందుగదిలోనే పెళ్ళి ఆల్బములు, పెళ్ళి వీడియోలు తయారుచేస్తుంది. ఫోటోగ్రాఫర్లు తెచ్చిన గంటలకొద్దీ బొమ్మను కోసి, అతికించి, పాట కలిపి, చూడబుద్ధయ్యేలా చేస్తుంది. దాన్ని మిక్సింగ్ అంటారు. ఆ పనిలో నాకూ ఒక వంతు ఉంది. ఆల్బమ్ అచ్చుకు పోయే ముందు అట్ట మీద పేర్లు నేను చదవాలి. పెళ్ళికొడుకు పేరులో దీర్ఘం తప్పిపోతే పట్టుకుంటాను. నిజానికి నాకంటే ముందే ఆమె పట్టుకుని ఉంటుంది. అయినా నా మర్యాద కోసం "అవ్వా, సూసినవా?" అని ఒక మాట అడుగుతుంది. మా వైపు అమ్మను అవ్వ అనే పిలుస్తారు. నేను ఒక్కొక్క అక్షరాన్నీ వేలితో తోసుకుంటూ పోయి, "మంచిగున్నది, పంపు" అంటాను. ఆ ఒక్క మాట అనడానికి పొద్దంతా ఎదురుచూస్తానంటే నమ్మండి.

ఆమె దగ్గర ఉన్న పాత కంప్యూటర్ ముసలిదైపోయింది. ఇప్పటి కెమెరాలు వేరు, పెళ్ళి మండపం మీద తేనెటీగలా తిరిగే డ్రోన్లు వేరు. ఆ బరువు అది మోయలేదు. నేను బియ్యం కడిగి, పొయ్యి మీద పెట్టి, గంజి వార్చి వచ్చినా తెర మీద తాళి కట్టే ఘట్టమే ఉండేది. పెళ్ళికొడుకు చేతులు పెళ్ళికూతురు మెడ దగ్గరే ఆగిపోయి, పాపం, వాళ్ళను చూస్తే నాకే నొప్పి పుట్టేది. అలాంటి సమయంలో జగిత్యాల ఫోటోగ్రాఫర్ ఒకాయన వచ్చాడు. పెద్ద పెద్ద పెళ్ళిళ్ళన్నీ ఆయనవే. ముందుగదిలో కుర్చీ వెనక్కి తిప్పి కూర్చుని మొహమాటం లేకుండా చెప్పేశాడు. "అక్కా, ఈ మాఘంల పెండ్లిళ్ళన్నీ నీకే ఇస్త. నీ చేతిల పని నాకు ఇష్టం. కని టైముకు రాకుంటె కరీంనగర్ పోత. ఒక్కసారి పోయిన్నంటె మల్ల రాను. తర్వాత నన్ను తిట్టద్దు." ఆయన పోయాక మా బిడ్డ కొత్త కంప్యూటర్ కొనాల్సిందే అంది. ఆయన పని పోతే ఊళ్ళో పుట్టినరోజులు, నామకరణాలు తప్ప ఆమెకు మిగిలేవి లేవు.

మా ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఆడపిల్ల ఇంటికి ఏ మిషన్ వచ్చినా, కుట్టు మిషన్ కావచ్చు, పిండి మిషన్ కావచ్చు, మేనమామ చూసి, తట్టి, బొట్టు పెట్టి నడపాలి. మా తమ్ముడిది సిరిసిల్ల. అక్కడ మరమగ్గాన్ని సాంచ అంటారు. వాడు పాత సాంచల ముక్కలు కొని, ఒకదాని కాలు ఇంకోదానికి తగిలించి, నిలబెట్టి, గుడ్డ నేయించేవాడు. ఇనుము మీద గోరుతో టకటక కొట్టి, మంచిదో చెడ్డదో చెప్పేవాడు. వాడికి ఒక నమ్మకం ఉండేది. కొత్త సాంచ సతాయిస్తుంది, నడిచిన సాంచ పనికి అలవాటుపడి సాగి ఉంటుంది, సాగినదాన్నే కొనాలి. సిరిసిల్లలో ఎవరిని అడిగినా అదే చెబుతారు. సాంచ విషయంలో అది అబద్ధం కూడా కాదు.

ముగ్గురం కలిసి జగిత్యాల పోయాం. నేను అనుకున్నదేమిటంటే, టీవీ కొన్నట్టు ఒక డబ్బా చూపిస్తారు, ఆటోలో వేసుకుని వస్తాం. దుకాణంలో ఎటు చూసినా డబ్బాలే, కంప్యూటర్ మాత్రం లేదు. "కంప్యూటర్ ఏది బాంచెన్?" అని అడిగాను. కళ్ళద్దాల షాపాయన, "ఇవన్నీ కంప్యూటరే అమ్మా. మీరు ఎట్ల కలుపుకుంటె గట్ల అయితది" అన్నాడు. పెళ్ళికొడుకును చూడటానికి పోతే కాలొక ఇంట్లో, చెయ్యొక ఇంట్లో చూపించినట్టయింది నాకు. ప్రాసెసర్ అని ఒకటి చూపించాడు. చాయలో ముంచుకునే బిస్కెట్ అంత ఉంది. మొత్తం బుద్ధి అందులోనే ఉంటుందట. మా తమ్ముడు దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. బరువుంటే కదా! "ఇండ్ల ఇనుమేది?" అన్నాడు. మూడు ఊళ్ళ పెళ్ళిళ్ళు దాచిపెట్టే ముక్క నా తునికాకు కంటే చిన్నదిగా ఉంది. అది చూసి నేను నోరు తెరిచి మళ్ళీ మూయడం మరిచిపోయాను.

కానీ అసలు దిగ్భ్రాంతి మా బిడ్డను చూసి కలిగింది. కూరగాయలబ్బాయి పుచ్చు వంకాయ వేసినా నోరెత్తని పిల్ల అది. చీర కొనాలంటే నన్నూ, ఇద్దరు పక్కింటి ఆడవాళ్ళనూ వెంట తీసుకుపోతుంది. అక్కడ మాత్రం ఒక్కొక్క ముక్కనూ చేతిలోకి తీసుకుని, ఇది కావాలి, అది వద్దు అని చెబుతోంది. షాపాయన ఒక ప్రాసెసర్ ఎత్తి పొగిడితే, "గది వద్దు. గ్రాఫిక్స్ కార్డు చెడిపోతె తెర మొత్తం బంద్ అయితది. తనంతట తాను బొమ్మ సూపెట్టేది ఇయ్యండి" అంది. ర్యామ్ ఒక్కటే పెద్దది తీసుకోమంటే, "ఒక్కటి వద్దు, ఒక్క తీరువి రెండు ఇయ్యండి, జోడు నడువాలె" అంది. ఆ మాట ఒక్కటి నాకు అర్థమైంది, ఎడ్ల సంగతి తెలిసినదాన్ని కదా. కరెంటు అందించే పెట్టె దగ్గర, "కోరుట్ల కరెంటు సంగతి మీకెర్కనే. గట్టిది ఇయ్యండి" అంది. చివరికి పైడబ్బా ఎంచేటప్పుడు నేను ఊరుకోలేకపోయాను. ఒకటి అద్దాల తలుపుతో, లోపల రంగురంగుల దీపాలతో మెరిసిపోతోంది. "గిది తీస్కో బిడ్డా, వినాయకుని మండపం లెక్కున్నది" అన్నాను. "అవ్వా, దీపాలు నాకేం జేస్తయి? గాలి ఆడాలె" అని నల్లగా, జల్లెడలా చిల్లులున్న డబ్బా ఒకటి పట్టుకుంది. పిండి జల్లించుకోవచ్చు దానితో.

మిగిలింది గ్రాఫిక్స్ కార్డు. వీడియో బరువంతా మోసేది అదేనట. షాపాయన బొమ్మ చూపించాడు. మూడు పంకాలతో ఇటుక అంత ఉంది. మా తమ్ముడికి ఆ దుకాణం మొత్తంలో నచ్చింది అదొక్కటే. మా బిడ్డ ఫలానాదే కావాలని చెప్పింది. సరుకు ఇంకా రాలేదు, కొద్దిరోజులు పడుతుందన్నాడు షాపాయన. "నేను అచ్చేటప్పుడు జగిత్యాల మీదికెళ్ళి పట్టుకస్త. నువ్వు మల్ల ఎందుకు తిరుగుడు?" అన్నాడు తమ్ముడు. మేనమామ తెస్తానంటే ఎవరు వద్దంటారు?

అన్నట్టే తెచ్చాడు. వాకిట్లో కొబ్బరికాయ కొట్టాం. మా బిడ్డ ముందుగదిలో చాప పరిచి ముక్కలన్నీ బిగించింది. స్క్రూలు తిప్పడంలో దాని చేయి చూసి మేనమామ మురిసిపోయాడు. చివర కార్డు డబ్బా అందుకుంది, తిప్పి చూసింది. "మామా, సీలు తీసున్నదేంది?"

"సీలు గాదు పిల్లా, నసీబు సూడు!" అన్నాడు వాడు. "నువ్వు సెప్పినదానికంటె పెద్దది. కొత్తది గూడ అచ్చింది గని, గా షాపాయన కాడ నడిచింది ఒకటి కనవడ్డది. ఏండ్ల కొద్ది రాత్రి పగలు నడిచిందట. ఒక్కనాడు గూడ ఆపలేదట! గసొంటిది దొరుకుతదా? గది అమ్మనంటె అడ్డం వడి తెచ్చిన."

మా బిడ్డ డబ్బా కింద పెట్టింది. నీళ్ళకని వంటింట్లోకి వచ్చి నా చెవిలో చెప్పింది. అది నాణేలు తవ్విన కార్డు అట. కంప్యూటర్లను వరసగా పేర్చి, రాత్రింబగళ్ళు మండించి, చేతికి దొరకని నాణేలేవో తవ్వుతారట. అలా మండిన కార్డు ఎప్పుడు ఆగిపోతుందో చెప్పలేమట. "మరి మామకు చెప్పరాదు?" అన్నాను. "బొట్టు పెట్టే యాళ్ళకు ఎట్ల జెప్పాలె అవ్వా?" అంది. నిజమే. మేనమామ తెచ్చింది వద్దనడం మావాళ్ళలో పెళ్ళిపీటల మీద నుంచి లేవడంతో సమానం. కార్డు బిగించింది. మేనమామ డబ్బాకు బొట్టు పెట్టాడు.

నడిచింది. ఎలా నడిచిందంటే, చాయ మరిగేలోపు పెళ్ళి మొత్తం అయిపోయింది. తాళి, తలంబ్రాలు, అప్పగింతలు, అన్నీ! నేను కళ్ళు నలుపుకుని చూశాను. తమ్ముడు మీసం మీద చెయ్యి వేసుకుని, "నడిచిన మిషన్ అంటె గిది" అన్నాడు. ఆ రోజు వాడికి రెండుసార్లు కోడికూర వడ్డించాను.

మాఘం రాగానే మేడిపల్లి వైపు పెళ్ళి వీడియో ఒకటి చేతికి వచ్చింది. మరునాడు సాయంత్రం ఫంక్షన్‌లో తెర కట్టి వీడియో చూపించాలి. ఆ ఫోటోగ్రాఫర్ ఇచ్చిన మొదటి పని అదే. మధ్యాహ్నం పనిలో ఉండగా పెళ్ళికూతురు ముఖం మీద నిలువు గీతలు పడ్డాయి. పడుగు పోగుల్లా, ఎరుపు, పచ్చ, నీలం. ఆ వెనకే ముఖం గళ్ళుగళ్ళుగా విడిపోయింది. తర్వాత నల్లటి తెర. నేను గుండె పట్టుకుని, "పిల్లకు ఏమైంది?" అని అరిచాను. ఏమైందో మా బిడ్డకు తెలుసు. నేను తమ్ముడికి ఫోన్ చేశాను.

వాడు దొరికిన బస్సు ఎక్కి వచ్చాడు. వచ్చీరాగానే డబ్బా పక్కన కూర్చుని జేబులోంచి చిన్న నూనె సీసా తీశాడు. "పంకలు బిగుసుకున్నయ్. ఒక్క సుక్క ఏస్తె..." అంటూ చెయ్యి లోపల పెట్టబోయాడు. మా బిడ్డ ఆ చెయ్యి పట్టుకుని పక్కకు తీసేసింది.

మేనమామ చెయ్యి తోసేసిన ఆడపిల్లను మా ఇంట్లో నేను అంతవరకు చూడలేదు.

"మామా, నీ సాంచ నడిస్తె సాగుతది. గిది నడిస్తె కాలుతది. నువ్వు తెచ్చింది కాలిన ముక్క. నేను ఎంచుకున్నది వేరే. నువ్వు మార్చినవ్. నన్ను ఒక్క మాట అడగలె." అంటూనే కార్డు స్క్రూలు విప్పుతోంది. "రేపు మాపటికి ఈ పని ఇయ్యకుంటె నా పని బంద్. నా కొంప మునుగుతది మామా."

వాడు లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. వాడి కోపం నాకు తెలుసు. పచ్చడి చాలలేదని పెళ్ళిపందిరిలోంచి లేచి వెళ్ళిన మనిషి. కానీ వాడు నూనె సీసా మూత బిగించి, జేబులో పెట్టుకుని, "మరి ఇప్పుడు ఏం గావాలె బిడ్డా?" అన్నాడు.

ఆమె అప్పటికే కార్డు పీకేసింది. ప్రాసెసర్ తనంతట తానే బొమ్మ చూపించేది కాబట్టి తెర మళ్ళీ వెలిగింది, పని కుంటుకుంటూ సాగింది. తమ్ముడు ఆ కార్డు పట్టుకుని జగిత్యాల పోయాడు. కొంతసేపటికి ఫోన్‌లో వీడియో వచ్చింది. దుకాణంలో ఒక డబ్బాను కెమెరాకు మరీ దగ్గరగా పెట్టి, ఇటు తిప్పి, అటు తిప్పి చూపిస్తున్నాడు. "ఇదేనా బిడ్డా? మంచిగ సూడు. సీలు సూడు. నువ్వు ఊఁ అంటెనే పట్టుకుంట." నా తమ్ముడు ఒక ఆడపిల్లను అడుగుతున్నాడు! గీతలు పడిన పెళ్ళికూతురును చూసినప్పుడు కూడా నాకు అంత ఆశ్చర్యం కలగలేదు. మా బిడ్డ ఊఁ అంది, కళ్ళు తుడుచుకుంది.

రాత్రికల్లా వాడు కార్డు తెచ్చాడు, మా బిడ్డ బిగించింది. మరునాడు ఫంక్షన్ వేళకు వీడియో అందింది. ఫంక్షన్ నుంచే ఫోటోగ్రాఫర్ ఫోన్ చేసి, వెనక డప్పుల మోతలో అరిచాడు: "అక్కా, మిగిలినయి గూడ రేపు తెస్తున్న!" మా బిడ్డ ఫోన్ పెట్టేసి అక్కడే చాప మీద పడుకుని నిద్రపోయింది. ఆ మాఘం మొత్తం మా ముందుగదిలో పెళ్ళిళ్ళే.

తమ్ముడిని బస్టాండ్‌కు పోయి నేనే సాగనంపాను. బస్టాండ్‌లో, "పిల్ల గట్టిగనే అడిగింది కదనే అక్కా" అన్నాడు. "అడిగింది. తప్పా?" అన్నాను. "తప్పని ఎవలన్నరు?" అన్నాడు. వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయే బస్సు వచ్చింది. జనం తోసుకుంటున్నారు. మెట్టు మీద వాడొక క్షణం ఆగితే లోపలినుంచి కండక్టరమ్మ కేకేసింది: "ఓ తాతా, జర పైకెక్కు, ఎనకోళ్ళు ఎక్కాలె!" వాడు ఆ తాత ఎవరా అని వెనక్కి తిరిగి చూశాడు. కింద నిలబడి నేను కూడా చూశాను. వాడు నాకంటే చిన్నవాడు, నేను ఎత్తుకు తిప్పినవాడు. కాలం ఎవరినో పిలుస్తోందని మనం వెనక్కి తిరిగి చూస్తాం, అక్కడ ఎవరూ ఉండరు.