శోభన రాసింది ఎవరి గురించి?

శోభన ముఖం చూడకముందే నాకు ఆమె మీద అనుమానం పుట్టింది.

ఆ పొద్దున మా ఆయన యతీశ్ ఫోన్ ఇంట్లో మరిచిపోయి జిమ్‌కని వెళ్లాడు. అది మోగితే నేను తీశాను. "యతీశన్నా, జిమ్ శోభనను మాట్లాడతా ఉండాను. ఏమన్నా, ఈ పక్కకే రాలేదు?" అంది ఒక ఆడగొంతు. ఫోన్ పెట్టేశాను. బూట్ల సంచి తగిలించుకుని మనిషి గుమ్మం దాటి అరగంట కూడా కాలేదు. జిమ్ మా వీధి చివరే. మరి ఎక్కడికి పోయినట్టు?

నన్ను అనుమానపు మనిషి అంటారు. అననీ. కొన్నాళ్లుగా ఆయన చొక్కాలు ఉతుకుతుంటే ఏదో నూనె వాసన. అడిగితే "జిమ్‌లో పూసుకుంటారు" అన్నాడు. నేను తల ఊపాను గానీ నమ్మలేదు. ఇప్పుడేమో ఒక ఆడమనిషి ఫోన్ చేసి "ఏమన్నా, రాలేదు" అని గారంగా అడుగుతోంది. కొంగు బిగించి నేరుగా జిమ్‌కు నడిచాను.

వెళ్లేసరికి ఆమె నేల మీద మోకాళ్లు ఆనించి, పరుగెత్తే మెషిన్ కింద గుడ్డ పెట్టి తుడుస్తోంది. ముప్పై లోపు వయసు, ట్రాక్ ప్యాంటు, చేతుల నిండా గ్రీసు. కల్లావి పల్లెలో వేరుశనగ వేసే ఇంటి పిల్ల. కబడ్డీ ఆడింది, వ్యాయామం చదువు చదివింది, ఆడవాళ్లకు నేర్పించేందుకు మా మూకండపల్లికి వచ్చింది. ఓనరుకు వేరే వ్యాపారాలు ఉండడంతో జిమ్ మొత్తం ఆమె నెత్తిన పడింది. బాత్‌రూం పూడుకుపోతే ఆమే, బెంచీ కోసం ఇద్దరు కొట్టుకుంటే తీర్పు చెప్పేదీ ఆమే. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పటికి నా కంటికి ఆమె వయసు ఒక్కటే కనిపించింది.

"ఏమమ్మా, మా ఆయనతో నీకేం పని?"

ఆమె లేచి చేతులు తుడుచుకుంది. "చిత్రక్క కదా మీరు? అన్నకు భుజం ఎట్లుంది?"

"భుజమా? ఏ భుజం?"

ఆమె ముఖం మారిపోయింది. "మీకు చెప్పలేదా అక్కా?"

నా ఒళ్లు మండింది. కట్టుకున్న దానికి తెలియని భుజం ఈమెకు ఎలా తెలుసు?

"ఆయన ఈడికి వచ్చి చానా దినాలైంది. నేను ఆయన గురించి రాసి పంపేసినాను. రాసినాక మనసు ఒప్పలేదు. ఎట్లుండాడో ఏమోనని ఫోన్ చేసినాను," అంది.

"రాసినావా? ఎవురికి?"

బెంగళూరు నుంచి ఒక ఇంగ్లీషు పత్రిక వస్తుందట. జిమ్‌లు నడిపేవాళ్ల కోసం. దానికి ఈమె రాస్తుందట. నేనేం నమ్మలేదు. బల్ల సొరుగులోంచి నాలుగైదు తీసి ముందు పెట్టింది. కండలు చూపించే బొమ్మలేం లేవు. కంపెనీల్లో మొదటి షిఫ్టు వదిలాక ఒక్కసారిగా మీద పడే జనాన్ని ఎలా సర్దాలి, వానాకాలంలో చాపలు కంపు కొట్టకుండా ఏం చేయాలి, ఆయుధ పూజ నాడు సీట్లకు పూసిన కుంకుమ మరకలు రెగ్జిన్ చెడకుండా ఎలా తీయాలి. కింద ఆమె పేరు. ఒక బ్యాచికీ ఇంకో బ్యాచికీ మధ్య ఇక్కడే నిలబడి ఫోన్‌లో రెండు బొటనవేళ్లతో రాస్తుందట. పేరు అచ్చులో పడితే మాత్రం మనిషి మంచిదైపోతుందా? చూద్దామని కొత్తగా పంపింది చూపించమన్నాను.

నేను కృష్ణగిరిలో బీకాం చదివినదాన్ని, ఇంగ్లీషుకు భయపడను. పేరు లేదు. 'ఒక మెషిన్ ఆపరేటరు' అని ఉంది, మా ఆయన కంపెనీలో చేసే పని అదే. బెంచీని తన తువ్వాలుతో తుడిచి గాని పడుకోడట. అద్దం వైపు చూడడట. ఒక రోజు తోటివాడితో పంతానికి పోయి ఎక్కువ బరువు ఎత్తాడట. మరుసటి రోజు నుంచి ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి బరువులు తగ్గించుకున్నాడట. ఎడమ భుజం దించి నడిచాడట. తర్వాత రావడం మానేశాడట. బరువు తనంతట తాను తగ్గించుకున్నవాడిని ఆ రోజే అడగాలి, అడగకపోవడం జిమ్ నడిపేవాళ్ల తప్పు అని ముగించింది.

ఆయన భుజం దించి నడుస్తున్నాడని ఒకే ఇంట్లో ఉన్న నేను చూడలేదు. ఈమె చూసింది. అంత పరీక్షగా ఎందుకు చూసింది?

"అందరినీ ఇట్లే చూస్తావా?" అన్నాను.

"అదే కదక్కా నా పని," అంది విసుగ్గా. ఆ విసుగుతో నా మంట కొంచెం తగ్గింది. దొంగ అయితే విసుక్కోదు, నవ్వుతుంది.

ఇక మిగిలింది ఒకటే. భుజం నొప్పి ఉన్న మనిషి సంచి తగిలించుకుని రోజూ ఎక్కడికి పోతున్నాడు? "ఆదెప్ప తాత దగ్గరికేమో" అని శోభనే నన్ను స్కూటీ ఎక్కించుకుంది. ఎముకలు సరిచేసే ఆదెప్ప ఇల్లు రెండు సందుల అవతల. పెరట్లో పలక మీద మా ఆయన చొక్కా విప్పి కూర్చున్నాడు. ముసలాయన నూనెతో భుజం తోముతున్నాడు. అదే వాసన.

"ఏమయ్యా, నాకు చెప్పేకి నోరు రాలేదా?"

ఆయన లేవలేదు. "నీకు చెప్తే మీ అన్నకు చెప్పినట్టే. మీ అన్నకు చెప్తే కంపెనీకి చెప్పినట్టే. దీపావళికి పర్మనెంటు లిస్టు వేస్తారు. ఈ చెయ్యి సంగతి తెలిస్తే నా పేరు ఉంటుందా?"

మా అన్న గోపీచంద్ అదే కంపెనీలో సూపర్‌వైజరు. ప్రతి ఆదివారం మా ఇంట్లోనే భోంచేస్తాడు. ఇంట్లో ఆవలించినా తుమ్మినా అన్నకు చెప్పందే నాకు తోచదు. వేరే ఆడది ఉండి ఉంటే జుట్టు పట్టుకునేదాన్ని. మొగుడు దాక్కున్నది నా నుంచే అయితే ఎవరి జుట్టు పట్టుకోవాలి? ఏడుపొచ్చింది.

"నెల తిరిగేలోపల బరువెత్తుతాడు, ఏడవొద్దమ్మా" అన్నాడు ఆదెప్ప.

శోభన మాత్రం పాలిపోయి నిలబడింది. "అన్నా, నీ భుజం గురించి ఒక పత్రికకు రాసినాను. అది మీ కంపెనీ జిమ్ రూముకు కూడా వస్తుంది."

"తీసెయ్, అంతా తీసెయ్" అన్నాను.

"ఎట్ల తీసేది అక్కా? ఇంకోడు ఇట్లే నొప్పి దాచిపెట్టి, బరువు మెడ మీద వేసుకుంటే? నడిపేవోళ్లకు తెలియాల్ల."

"నీ పేరు కోసం కదా!"

"పేరుకైతే కుంకుమ మరకలు చాలు," అంది కోపంగా. కానీ అక్కడే నిలబడి ఎడిటరుకు రాసింది. ఆపరేటరును బస్సు డ్రైవరు చేయమంది, భుజాన్ని మోకాలు చేయమంది, తువ్వాలు సంగతి కొట్టేయమంది. పేజీలు అచ్చుకు కట్టేశాం, వీలైతే చూస్తాం అని జవాబు వచ్చింది. ఆ తర్వాత నాకు కంటి మీద కునుకు లేదు. నిజంగా పంపిందా, నా ముందు నటించిందా? పంపినా వాళ్లు మార్చారా? కూరగాయలకని వంక పెట్టుకుని రోజూ జిమ్ ముందు నుంచి నడిచి ఆమె ముఖం చూసేదాన్ని. ఆమె కూడా నాలాగే భయపడుతున్నట్టుండేది.

కొత్త సంచిక వచ్చిన ఆదివారం అన్న దాన్ని చంకలో పెట్టుకునే వచ్చాడు. సంగటి, కోడిపులుసు వడ్డించాను. మా ఆయన ఎదురుగా కూర్చున్నాడు.

"మీ వీధి జిమ్ పాప రాసిందంట చూడు. బస్సు డ్రైవరంట, మోకాలు నొప్పి దాచిపెట్టినాడంట," అన్నాడు అన్న ఎడమచేత్తో పేజీ తిప్పుతూ.

నాకు ఊపిరి వచ్చింది. మాట నిలబెట్టుకుంది పిల్ల. కానీ అన్న పత్రిక మూయలేదు.

"ఆ జిమ్‌కు బస్సు డ్రైవర్లు యాడ వస్తారు చిత్రా? అంతా మన కంపెనీవోళ్లే కదా. ఎవుడో మనోడినే దాచింది. నువ్వు ఈడే ఉండావు, నీకు తెలీకుండా ఉంటుందా? ఎవుడమ్మా వాడు?"

మా ఆయన చేయి కంచంలోనే ఆగిపోయింది. నా వైపు చూడలేదు. నేను చెప్పేస్తానని ఆయనకు ఖాయంగా తెలుసు. ఇన్నేళ్ల కాపురంలో ఎవరూ నన్ను అంత బాధ పెట్టలేదు.

"సూళగిరి నుంచి వచ్చే ఆయప్ప అన్నా. డ్రైవరే. కుంటుకుంటా వస్తాడు, నేనే చూసినాను," అన్నాను.

అన్న నమ్మలేదు. ఒక తల్లి కడుపున పుట్టినవాళ్లం, ఆ చూపు నాకు తెలియనిదా? నేను ముఖం తిప్పుకోలేదు. గిన్నె అందుకుని అన్న కంచంలో ఇంకో గరిటె పులుసు పోశాను.