ఆమె నన్ను నమ్మి తిన్న ముద్ద

ఒక మాట లోపల పెట్టుకుని చాలా ఏళ్లుగా తిరుగుతున్నాను. వంట చేస్తున్నా, చుట్టాలతో నవ్వుతున్నా, మాత్ర వేసుకుని పడుకున్నా అది లోపల కదులుతూనే ఉంటుంది. మా ఆయనకు చెప్పలేదు. గుడికి పోయి దేవుడి ముందు నిలబడి కూడా ఆ ఒక్కటీ దాటేసి, మిగతావన్నీ చెప్పుకుని వచ్చాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. మధ్యలో నసిగితే, తప్పించుకోవాలని చూస్తోందని అనుకోండి. నిజంగానే చూస్తాను.

మాది మైదుకూరు దగ్గర పల్లె. భూములున్న ఇల్లు, పెద్ద కుటుంబం. నేను పెద్దకోడల్ని. మా మరిది కర్నూలు పిల్లను ప్రేమించి పెళ్లి చేసుకున్నాడు. పేరెందుకు, చెల్లి అంటాను. తోడికోడలైనా నన్ను నోరారా అక్కా అనే పిలుస్తుంది. ఆమె పుట్టింటివాళ్లు బైబిలు ప్రకారం నడుచుకునే మనుషులు. ఆమె కూడా అంతే. ఊరికే ఆదివారం పోయి వచ్చే రకం కాదు. అబద్ధం ఆడదు. మొక్కుబడి యాట మాంసం ముట్టదు. ఇంకొకటి, రక్తం తినదు. జంతువుల రక్తం తినకూడదని బైబిల్లో ఉందట.

మా వైపు పొట్టేలును కోస్తే రక్తాన్ని గిన్నెలో పట్టి, గడ్డకట్టాక ఉడికించి, ఎర్రగడ్డలు, అదే ఉల్లిపాయలు, వేసి వేపుతాం. నల్ల అంటాం దాన్ని. సంగటిలోకి అది కావాలని పిల్లలు కొట్లాడుకుంటారు. ఒంట్లో రక్తం తక్కువైన వాళ్లకు అంతకు మించిన మందు లేదని మా పెద్దవాళ్ల నమ్మకం.

అప్పుడు చెల్లి కడుపుతో ఉంది. మరిది మంగంపేట గనుల్లో పని చేస్తూ వారానికొకసారి వచ్చేవాడు, ఆమె మా దగ్గరే ఉండేది. రక్తం తక్కువగా ఉందని డాక్టరమ్మ చెప్పింది. ఒక ఆదివారం చుట్టాలొస్తే పొట్టేలును కోశారు. మొక్కుది కాదు కాబట్టి మాంసం తింటానంది చెల్లి. అత్త మాత్రం నల్ల వడ్డించిన పళ్లెం తెచ్చి, అందరి ముందూ ఆమె చేతిలో పెట్టింది.

"కడుపులో బిడ్డకన్నా ఆ పుస్తకం ఎక్కువైపోయినాదా నీకి? తిను."

"కోప్పడాకండత్తా. మాత్రలు ఏసుకుంటాండా కదా. ఇది మాత్రం తినను."

నెమ్మదిగానే అంది. పళ్లెం కింద పెట్టింది. చుట్టాలు తలా ఒక మాట అన్నారు. బిడ్డకేమన్నా అయితే పాపం నీదేనని ఒకామె ముఖం మీదే అనేసింది. మరిది తల వంచుకుని కూర్చున్నాడు. చెల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. చెయ్యి మాత్రం ఆ పళ్లెం వైపు పోలేదు.

తర్వాత అత్త నన్ను వంటింట్లోకి పిలిచింది. ఆ నల్లను కార్జం వేపుడులో కలిపి పెట్టు, దానికి యాడ తెలుస్తాది అంది.

కాదు. అత్త అలా అనలేదు. ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చిన కథ అది. అత్త "దాని ఖర్మ" అని వదిలేసి, వక్కాకు నములుతూ చుట్టాలతో మాటల్లో పడిపోయింది. నాకెవరూ ఏమీ చెప్పలేదు. నేనే చేశాను.

చెల్లికి వేరేగా కార్జం వేపుడు చేస్తానని అందరూ వినేలా అన్నాను. కార్జం సన్నగా తరిగి వేపాను. కొంచెం నల్ల తీసుకుని చేత్తో చిదిపి అందులో కలిపాను. రెండూ ఒకే రంగు. మిరియాలు దండిగా వేస్తే రుచి కూడా తెలియదు.

ఎందుకు చేశాను? బిడ్డ కోసమా? కొన్నాళ్లు అలాగే సర్దిచెప్పుకున్నాను. బిడ్డ మీద అంత ప్రేమే ఉంటే, ఆమె మాత్రలు అయిపోయినప్పుడు ఒక్కసారైనా తెప్పించి ఇచ్చేదాన్ని కదా. అసలు సంగతి వేరు. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లో నేను ఒక్కసారి కూడా వద్దు అనలేదు. టీచరు ఉద్యోగం వస్తే పోవద్దన్నారు, సరే అన్నాను. నా కూతురికి నేను అనుకున్న పేరు బాగలేదన్నారు, దానికీ సరే అన్నాను. కోడలంటే తల ఊపడమే, వేరే దారి లేదు అని నమ్మి బతుకుతుంటే, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల అంతమంది ముందు వద్దంది, ఇల్లేమీ కూలిపోలేదు. మరి నేనెందుకు అనలేకపోయాను? నాకు కూడా ఆ దారి ఉండిందా? ఆ ఆలోచనను భరించలేకపోయాను. ఆమె కూడా ఒక్కసారి తన నియమం తప్పాలి, ఆమెకు తెలియకపోయినా నాకు తెలిస్తే చాలు అనిపించింది. కుళ్లు. దానికి ఇంకో పేరు లేదు.

పళ్లెం ముందు పెడితే ఆమె ఒక్క క్షణం ఆగింది.

"అక్కా, దీంట్లో అది ల్యాదు కదా?"

"నా మింద కూడా అనుమానమేనా పాపా? నేనే చేసినా, తిను."

తినింది. ఇంకొంచెం వేయమంది, వేశాను. ఏదో గెలిచినట్టు ఒళ్లంతా వేడెక్కింది, సిగ్గు విడిచి చెబుతున్నాను. చెయ్యి కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుని, "ఈ ఇంట్లో నా మాటకు ఇలువిచ్చింది నువ్వొక్కదానివే అక్కా" అంది. అక్కడితో నా గెలుపు చచ్చింది. అప్పుడే చెప్పి ఉండొచ్చు. ఆమె తిన్న పళ్లెం తీసుకుని కడగడానికి లేచాను.

బిడ్డ బాగానే పుట్టింది, ఆడపిల్ల. ఆ తర్వాత నేను చెల్లికి కాపలా మనిషినయ్యాను. పెళ్లిళ్లకు పోతే దేంట్లో ఏం వేశారో వంటవాళ్లను అడిగి కనుక్కుని గానీ ఆమెకు పెట్టనిచ్చేదాన్ని కాదు. తోడికోడళ్లంటే వీళ్లు అని అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు వింటున్న కొద్దీ నిద్ర కరువైంది. ఒకసారి చెప్పబోయాను. అత్తను కడప ఆసుపత్రిలో చేర్పించి ఇద్దరం బయట బెంచీ మీద కూర్చున్నాం. ఆ రోజు కార్జం వేపుడు, అని మొదలుపెట్టానో లేదో, అబ్బా, ఆ రుచి మళ్లీ ఎక్కడా తినలేదక్కా అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

చెల్లి కూతురు ఇప్పుడు కడపలో ఇంటర్ చదువుతోంది. పరీక్షలో పేపరు చూపించనందుకు హాస్టల్లో పిల్లలెవరూ మాట్లాడటం లేదట. అబద్ధం, మోసం తన వల్ల కాదని చెప్పిందట, అచ్చం వాళ్లమ్మే. సెలవులకు వచ్చి నా పక్కన పడుకుని, వాళ్లమ్మ మా ఇంట్లో ఎలా నిలబడిందో చెప్పమంది. ఎంతమంది ఏమన్నా నాకు మీ పెద్దమ్మ అండగా ఉండిందని చెల్లి చెబుతుందట. అమ్మ ఒక్కసారి కూడా తప్పలేదా పెద్దమ్మా, అని అడిగింది.

లేదు అన్నాను. అది నిజమా, అబద్ధమా? తెలియక తింటే తప్పినట్టు కాదని నా బుద్ధి చెబుతుంది. ఆమె నిలబడింది, తప్పు చేసింది నేను. కానీ అది తేల్చుకోవలసింది ఆమె, ఆమె దేవుడు. మధ్యలో నేనెవరిని? చెబితే ఆమె మనసు ముక్కలవుతుందని ఆగుతున్నానా, నా చేతి అన్నం ఇంకెప్పుడూ తినదని ఆగుతున్నానా? రెండోదే. ఇది రాస్తుంటేనే తెలిసింది.

ఇంతవరకూ ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు. క్షమించమని అడగను, అది మీ చేతుల్లో లేదు. గుండె మీద చెయ్యి వేసుకుంటే కొంచెం తేలికగా ఉన్న మాట మాత్రం నిజం. చెల్లి ఈ ఆదివారం మా ఇంటికి భోజనానికి వస్తోంది. ఏం వండుతున్నావని కూడా అడగలేదు.