సిగ్నల్ అందని చోట్లకు

లేదు, నేను ఒప్పుకోను. "స్లిప్ ఎవడు వాడతాడ్రా ఈ కాలంలో? పీకేయ్" అని ఆఫీసు గ్రూపులో రాసినవాడు ఏనాడూ చెరువు గట్టు తొక్కలేదు. దాని కింద వరసగా నవ్వు బొమ్మలు. అరచేతిలో ఫోను గుర్రుమన్నప్పుడల్లా నాకు పని నేర్పిన ప్రభుదాస్ సారే గుర్తొస్తున్నారు.

తెనాలిలో మా ఆఫీసు చిన్నది. రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ కొలిచి కబురు పంపే డబ్బాలు తయారుచేస్తాం. ఆ డబ్బాని నడిపించే మూల ప్రోగ్రాం కెర్నెల్. దాన్ని తయారుచేసే ముందు, కబురు పంపే పద్ధతుల్లో, అంటే నెట్‌వర్క్ ప్రోటోకాల్స్‌లో, ఏవి కావాలో ఒక మెనూలో టిక్ పెట్టాలి. టిక్ లేనిది డబ్బాలో ఉండదు. హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చిన నాకు సార్ ఆ మెనూ సర్దే పని ఇచ్చారు. నేను రెండే అరలు చేశాను: కొత్తవి, పాతవి.

"ఏంటయ్యా ఇది, మనుషుల్ని వయసుని బట్టి కూర్చోబెట్టినట్టు?" అన్నారు.

"పాతవాటిని పాతవి అనక ఏమంటారండీ?" అన్నాను, కొంచెం గట్టిగానే.

ఆయన కోప్పడలేదు. మర్నాడు రేపల్లె తీసుకెళ్లారు. అక్కణ్ణుంచి ఆటోలో, రోడ్డు మట్టిలో కలిసిపోయేదాకా. మా డబ్బా పెట్టించుకున్న రైతు ఖాదర్ బాబాయి చెరువు దగ్గర నేను ఫోను ఆకాశంలోకి ఎత్తి తిప్పుతుంటే ఆయన పకపకా నవ్వాడు.

"ఎంతెత్తినా రాదు బాబూ. కరెంటు స్తంభమెక్కినా రాదు. మీ డబ్బాకున్న రేడియో ఒక్కటే ఊళ్లోకి మాటాడుద్ది. అది మూగబోయిందా, గాలి మిషన్లు ఆగినా నాకు తెలవదు. రొయ్యలు తెల్లగా తేలాక తెలుస్తది."

ఆ రేడియో నడిచేది నేను పాతవాటిలో పడేసిన స్లిప్ అనే ప్రోటోకాల్ మీదే.

రైలు కోసం ఎదురుచూస్తూ సార్ అడిగారు. "ఇప్పుడు చెప్పు. పాతదేనా?"

"పాతదే సార్."

"పాతదేలే. కానీ రేపెవడో మెనూ ఖాళీ చేద్దామని కూర్చుంటే, ముందు పాతవి అన్న అర మీదే చెయ్యేస్తాడు. వాడికి వయసు కనపడుద్ది గానీ ఖాదర్ కనపడడుగా?"

మర్నాడు కొత్త అర తెరిచారు: 'సిగ్నల్ అందని చోట్లకు'. ప్రతి ప్రోటోకాల్ కింద, అది తీసేస్తే ఎవరి పని ఆగుతుందో నా చేతే రాయించారు. విసుక్కుంటూనే రాశాను.

తర్వాత ఆయనకి జబ్బు చేసింది. బాపట్ల ఇంట్లో మంచం మీద గొంతు సగానికి తగ్గిపోయింది.

"మెనూ కదిలించారా?"

"లేదండి."

"కదిలిస్తారులే. అప్పుడు కోప్పడు. అది నీకు బాగా వచ్చుగా!"

ఆ నెలలోనే చర్చి వెనక స్మశానంలో ఆయన మీద మట్టి పోశాం. వాన తుంపర్లు. నా జేబులో ఫోను కొట్టుకుంటూనే ఉంది. మొదటిసారి తియ్యాలనిపించలేదు.

నిన్న ఆ అర మొత్తం తీసేశారు. వద్దన్నవాణ్ణి నేనొక్కణ్ణే. రేపల్లె బజారుకి వచ్చినప్పుడు దొరికే ఖాదర్ బాబాయికి ఫోన్ చేశాను. "మా వాళ్లొచ్చి డబ్బాలో ప్రోగ్రాం మారుస్తామంటే ముట్టుకోనివ్వకండి."

"అట్టాగే బాబూ. కానీ ఎన్నాళ్లు ఆపమంటావు?"

సార్ నాకు వదిలి వెళ్లింది తెలివి కాదు, ఈ బెంగ. ఏది తీసేయమన్నా, అవతల ఎవరున్నారో చూడనిదే వేలు కదలదు. దీన్ని చాదస్తం అంటున్నారు. సరే, మీరైనా ఆ గట్టు మీద నిలబడి, ఖాదర్ బాబాయి మొహం చూస్తూ, ఇది ఎవరికీ అక్కర్లేదని అనగలరా?