వణుకు ఆగిన మనిషి

అది జనవరిలో ఒక శుక్రవారం, ఇక్కడ గల్ఫులో సెలవు. సముద్రంలో జెట్‌స్కీ బోల్తాపడి తడిసి ముద్దయిన ఒకణ్ణి స్నేహితులు సిత్రాలో మేమున్న సిటీబస్సెక్కించారు. బ్రాందీ తాగిస్తూ, అరికాళ్ళకు బామ్ రుద్దుతున్నారు.

"వణుకుడు ఆగింది గదా భాయ్, తక్కువైంది," అన్నాడొకడు.

చర్చి నుంచి వస్తున్న తెలుగు నర్సొకామె లేచి సీసా లాక్కుంది. "తగ్గలేదండీ! వణికే ఓపిక కూడా లేదు ఒంట్లో. రుద్దకండి, అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి." తడిచొక్కా విప్పేసి, అతన్ని తన కోటులోకి పొదువుకుంది.

వెనకనుంచి ఈలలు. ఒకడు వీడియో తీశాడు.

థూ! ఆ వీడియో ఇంకా మా లేబర్ క్యాంపు వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది, కింద బూతులతో. వీడియో చివర్లో అతనికి మళ్ళీ వణుకు మొదలవుతుంది. ఆమె కళ్ళు మూసుకుని "స్తోత్రం" అంటుంది.

అంతవరకూ ఎవడూ చూడడు.