ద్రహొమీరా తొమ్మిదో ఫైనల్

మా టెన్నిస్ క్లబ్బులో ఎర్రమట్టి కోర్టుల ఆలనాపాలనా నాది. పేరు బ్లాజెనా. ఇరవై ఆరేళ్ళుగా ఆ మట్టికి నీళ్ళు పెడుతున్నాను, చదును చేస్తున్నాను. మా అధ్యక్షుడు హమాచెక్ గారు మాత్రం దాని మీద కాలు పెట్టరు. బూట్లు పాడవుతాయట. టెన్నిస్ క్లబ్బుకు అధ్యక్షుడు!

ద్రహొమీరా గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఎవరు అడుగుతారు? ఆమె ఆడేది డబుల్స్. చెక్ దేశంలో మా మొరావియా జనానికి సింగిల్స్ ఒక్కటే ఆట. డబుల్స్ అంటే సింగిల్స్‌లో ఓడిపోయినవాళ్ళు కాలక్షేపానికి ఆడుకునేదని వాళ్ళ గట్టి నమ్మకం. నలుగురు ఆడవాళ్ళు నెట్ దగ్గర రెప్పపాటులో బంతిని నాలుగు సార్లు అటూ ఇటూ తిప్పుతుంటే చూడడానికి కళ్ళుండాలి. మావాళ్ళ కళ్ళు సాసేజ్ కొట్టు దగ్గర వరస ఎంత తగ్గిందా అనే చూస్తుంటాయి.

ద్రహొమీరా వాళ్ళమ్మ బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసేది. స్కూలు అయ్యాక పిల్లను ఎక్కడో ఒకచోట ఉంచాలి కాబట్టి మా క్లబ్బులో వదిలేది. పదహారేళ్ళప్పుడు కోచ్ ఒకాయన పిలిచి, "నీ కాళ్ళు నత్తలే తల్లీ, చేతులు మాత్రం బాగున్నాయి, డబుల్స్ ఆడుకో" అన్నాడు. వెళ్ళి ఆడుకోమని పసిపిల్లకు చెప్పినట్టు! ఆమె మాత్రం ఆ మాట పట్టుకుని ఇరవై ఏళ్ళు ఆడింది. చలికాలం కోర్టుల మీద గాలి నింపిన గుడారం వేస్తే అందులో పిల్లలకు పాఠాలు చెప్పేది. వేసవి రాగానే పాత స్కోడా కారులో చిన్నా చితకా టోర్నమెంట్లన్నీ తిరిగేది.

డబుల్స్‌కు జోడీ కావాలి. జోడీలు ముప్ఫైమంది మారారు. ఒకతె పెళ్ళి చేసుకుంది. ఒకతె ర్యాంకు కాస్త పెరగ్గానే ఫోన్లో రెండు ముక్కలు కొట్టి తప్పుకుంది. మంచిదాన్ని అనిపించుకోవడం ద్రహొమీరాకు ఒక జబ్బు. వాళ్ళందరికీ పుట్టినరోజు శుభాకాంక్షలు పంపేది. నేనైతే ఇంకోటి పంపేదాన్ని.

ఎనిమిది ఫైనల్స్ ఆడింది, ఎనిమిదీ ఓడింది. ముప్ఫై ఆరో ఏట మోకాలు చూసిన డాక్టరు ఇక చాలన్నాడు. అందుకని జూన్‌లో మా క్లబ్బులోనే జరిగే ప్రొఫెషనల్ టోర్నమెంటుతో ఆపేద్దామనుకుంది. ఆమెకు కావలసింది ఒక్కటే, ఒక్క టైటిల్.

ఈసారి దొరికిన జోడీ పేరు వెందూలా. పంతొమ్మిదేళ్ళు. ఎక్కడో ఎండదేశంలో సిమెంటు కోర్టుల మీద, బంతి గీత దాటిందో లేదో మిషన్లు చూసిపెట్టే చోట పెరిగింది. సింగిల్స్ మొదటి రౌండులోనే ఇంటిదారి పట్టింది. విమానం ఆదివారానికి గానీ లేదు కాబట్టి డబుల్స్‌లో పేరిచ్చింది. ఆ విషయం దాచుకోలేదు కూడా, అందరికీ చెప్పింది.

మూడు మ్యాచ్‌లు గెలిచారు. అంటే ద్రహొమీరా గెలిచింది, ఆ పిల్ల పక్కన ఉంది.

ఫైనల్ రోజు పొద్దున హమాచెక్ గారు వచ్చారు. "బ్లాజెనా, డబుల్స్ మూడో కోర్టులో పెట్టండి. పెద్ద కోర్టులో లాటరీ ఉంది."

"మూడో కోర్టు సాసేజ్ కొట్టు వెనకాల కదండీ? పొగ!"

"డబుల్స్‌కు పొగేంటి, పొగమంచేంటి? చూసేవాళ్ళెవరు?"

"నేను చూస్తానండీ. ఒకరు తక్కువా?"

ఆయన నవ్వి, మట్టి తగలకుండా గట్టు మీదుగా వెళ్ళిపోయారు.

పోలండ్ జోడీతో చెరో సెట్ అయ్యింది. ఇక పది పాయింట్ల టైబ్రేక్, రెండు పాయింట్ల తేడాతో ముందు పదికి చేరినవాళ్ళదే గెలుపు. తొమ్మిది-ఎనిమిది, మావాళ్ళు ముందు. ఇంకొక్క పాయింటు. పోలండ్ అమ్మాయి కొట్టిన బంతి వెందూలా కాళ్ళ దగ్గర, వెనకగీత పక్కన పడింది. అంపైర్ "అవుట్" అన్నాడు. నా చేతిలోంచి నీళ్ళ గొట్టం జారిపోయింది. గెలిచింది! ఇరవై ఏళ్ళకు!

పోలండ్ వాళ్ళు చెయ్యెత్తారు. బంతి ముద్ర చూడమన్నారు. మట్టి కోర్టులో అది మామూలే. బంతి పడిన చోట ముద్ర ఉంటుంది, అంపైర్ దిగివచ్చి చూస్తాడు. ఆయన కుర్చీ దిగుతున్నాడు.

"ఇంకా చూసేదేముంది?" అంటూ వెందూలా బూటు కాలితో ఆ ముద్రను చెరిపేసింది.

మా ఊళ్ళో ఆరేళ్ళ పిల్ల కూడా ఆ పని చెయ్యదు. ముద్రను మన కాలితో చెరిపామంటే, బంతి లోపలే పడిందని మనమే ఒప్పుకున్నట్టు. అంపైర్ అక్కడికి వచ్చి, వట్టి మట్టిని చూసి, "పాయింట్ పోలండ్‌కు" అన్నాడు.

"ఏంటీ? అవుటని మీరేగా అన్నారు!" వెందూలా గొంతు చించుకుంది.

"ముద్ర చెరిపింది మీరు."

"ఇదేం పాతకాలపు ఆట! ఒక కెమెరా పెట్టుకోలేరా?"

ద్రహొమీరా ఆమె మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. "పోనీలే, రా. ఇంకా ఆడాలి." వెందూలా తర్వాతి బంతి నెట్‌కు కొట్టింది, ఆ తర్వాతది కంచె దాటించింది. తొమ్మిది-పదకొండు.

వెందూలా చేయి కలిపీ కలపకుండా సంచీ భుజాన వేసుకుని పోయింది. కొట్టు దగ్గర వరసలో ఒకాయన, "అప్పుడే అయిపోయిందా?" అని మాత్రం అడిగాడు.

నేను ద్రహొమీరా బెంచీ దగ్గరకు వెళ్ళాను. మోకాలి కట్టు విప్పుకుంటోంది. కోపం పట్టలేక ఆమెనే తిట్టాను. "ఆ పొగరుబోతును నాలుగు దులపలేకపోయావా? నోరు లేదా నీకు?"

"దులిపితే ఏమొస్తుంది పిన్నీ? ఈ మట్టి సంగతి దానికి తెలీదు."

"సరే. ఒక్కటి చెప్పు. బంతి లోపలా, బయటా?"

ఆమె కట్టు విప్పడం ఆపింది.

"బయట. ఆ పిల్ల కాలు పెట్టకముందు చూశాను. రెండు వేళ్ళు బయట."

"మరి అంపైర్‌కు చెప్పలేదేం?"

"ముద్ర లేదుగా. ముద్ర లేకపోతే నా మాటకు విలువేముంది? నేనైనా ఎదుటివాళ్ళ మాట నమ్మను." కట్టు విప్పి సంచీలో కుక్కి, "మీకొక్కరికే చెప్పాను. ఎక్కడా అనకండి. ఆ పిల్లకు తెలిస్తే జన్మంతా బాధపడుతుంది" అంది.

ఆ వెందూలా ఐదు నిమిషాలు కూడా బాధపడదు. అది నాకు తెలుసు, ద్రహొమీరాకూ తెలుసు. అయినా ఆమె ఆ మాట అంది. నేను ఆమె పక్కనే కూర్చుని ఏడ్చాను.